కాసాబ్లాంకా క్లైమాక్స్: ఇల్సా ఆ విమానం ఎందుకు ఎక్కాల్సి వచ్చింది

క్లుప్తంగా: 1942 నాటి కాసాబ్లాంకా మొదటిసారి చూసిన వాళ్ళలో చాలామందికి మిగిలే డౌట్ ఒక్కటే, అంత ప్రేమ పెట్టుకుని ఇల్సా భర్తతో ఎందుకు వెళ్ళిపోయింది అని. దానికి తోడు షూటింగ్ ఆఖరి రోజు దాకా క్లైమాక్స్ ఏంటో ఎవరికీ తెలీదు అనే కథ ఒకటి ఎనభై ఏళ్ళుగా తిరుగుతూనే ఉంది. అందులో నిజం సగమే. ఆమె ఎవరితో వెళ్ళాలి అన్నది మూల నాటకం, హాలీవుడ్ సెన్సార్, యుద్ధం కలిసి ముందే తేల్చేశాయి, రైటర్లు తల పట్టుకున్నది ఆమెని ఎలా ఒప్పించి పంపాలి అన్నదాని మీద.

కాగితాలు రెండు, మనుషులు ముగ్గురు

సినిమా చూడని వాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. 1941 డిసెంబర్, మొరాకోలోని కాసాబ్లాంకా ఊరు. రిక్ అనే అమెరికన్ అక్కడ ఒక కేఫ్ నడుపుతుంటాడు, ముందు గదిలో మందూ పాటా, వెనక గదిలో జూదం. ఎవడి గొడవా నాకొద్దు అనే రకం. ఇద్దరు జర్మన్ కొరియర్లని చంపి ఎవరో కొట్టేసిన రెండు ప్రయాణ పత్రాలు తిరిగి తిరిగి అతని చేతికొస్తాయి, అవి ఉంటే ఎవరైనా సరే ఊరు దాటి పోవచ్చు. సరిగ్గా అప్పుడే, ఏడాదిన్నర కిందట పారిస్ రైల్వే స్టేషన్‌లో వానలో తనని నిలబెట్టి ఒక్క చీటీతో సరిపెట్టేసిన ఇల్సా, భర్త విక్టర్ లాజ్లోతో కలిసి అదే కేఫ్‌లోకి నడిచొస్తుంది. లాజ్లో నాజీల మీద పోరాడే చెక్ నాయకుడు, కాన్సంట్రేషన్ క్యాంప్ నుంచి తప్పించుకొచ్చిన మనిషి, అతన్ని ఎలాగైనా ఆపాలని మేజర్ స్ట్రాసర్ అనే జర్మన్ ఆఫీసర్ ఊళ్ళో దిగుతాడు.

చివర్లో రిక్ ఆ రెండు కాగితాలూ భార్యాభర్తలకే ఇచ్చి విమానం ఎక్కించేస్తాడు, అడ్డొచ్చిన స్ట్రాసర్‌ని కాల్చేస్తాడు, తను పోలీస్ కెప్టెన్ రెనోతో కలిసి పొగమంచులోకి నడిచి వెళ్ళిపోతాడు.

మన ప్రేక్షకులకి ముక్కోణపు ప్రేమకథ కొత్తేం కాదు, ముడి ఎలా విప్పుతారో కూడా తెలుసు. క్లైమాక్స్‌లో ముగ్గురిలో ఒకరికి బుల్లెట్ తగలాలి, పోయేవాళ్ళు మిగతా ఇద్దరి చేతులూ కలిపి కళ్ళు మూయాలి. కాసాబ్లాంకాలో ఆ సుఖం లేదు. ముగ్గురూ బతికే ఉంటారు, ముగ్గురూ మంచోళ్ళే, లాజ్లోని విలన్‌ని చేస్తే కథ అరగంటలో తేలిపోయేది కానీ ఎవరూ ఆ పని చెయ్యలేదు. అందుకే ఆమె విమానం ఎక్కడం చాలామందికి మింగుడు పడదు. తాళి సెంటిమెంట్ లాంటిదేదో అనుకుని సరిపెట్టుకుంటారు, నిజానికి దాని వెనకున్న లెక్కలు వేరే.

ఆ ఊళ్ళో అందరూ ఎందుకు ఇరుక్కున్నారు

ముందు ఊరి సంగతి చూడాలి, లేకపోతే రెండు కాగితాల కోసం అంత రచ్చ ఏంటో అర్థం కాదు. 1940 జూన్ 14న జర్మన్లు పారిస్‌లోకి వచ్చేశారు, 22న ఫ్రాన్స్ యుద్ధ విరమణ ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఉత్తరం, పశ్చిమ తీరం జర్మన్ల కింద, మిగతాది మార్షల్ పెతాన్ నడిపే విషీ ప్రభుత్వం కింద. మొరాకో అప్పటికి ఫ్రెంచ్ ప్రొటెక్టరేట్, అదీ విషీ చేతిలోనే. ఒప్పందంలో 19వ ఆర్టికల్ అని ఒకటుంది, దాని ప్రకారం జర్మనీ పేరు చెప్పి అడిగిన జర్మన్ పౌరులని ఫ్రాన్స్ పట్టి అప్పగించాలి. హిట్లర్‌ని తప్పించుకుని ఫ్రాన్స్‌లో తలదాచుకున్న వేల మందికి అది నెత్తి మీద కత్తి.

బయటపడాలంటే ఏం కావాలి? విషీ వాళ్ళిచ్చే ఎగ్జిట్ వీసా, దారిలో స్పెయిన్‌కి ట్రాన్సిట్ వీసా, పోర్చుగల్‌కి ఇంకో ట్రాన్సిట్ వీసా, చివరికి చేరాల్సిన దేశం వీసా, దాంతోపాటు ఓడ టికెట్. చివరి దేశం వీసా చూపిస్తే తప్ప పోర్చుగల్ వాడు ఇవ్వడు, పోర్చుగల్‌ది చూపిస్తే తప్ప స్పెయిన్ వాడు ఇవ్వడు, ఇవన్నీ చేతికొచ్చేసరికి మొదటిదాని గడువు అయిపోతుంది. స్టాంపింగ్ స్లాట్ కోసం నెలల తరబడి వెబ్‌సైట్ రిఫ్రెష్ కొట్టిన వాళ్ళకి ఈ తిప్పలో ఒక పిసరు అర్థమవుతుంది, తేడా ఏంటంటే అక్కడ గడువు దాటితే క్యాంపే. బోర్డోలో పోర్చుగల్ కాన్సుల్‌గా ఉన్న అరిస్టిడెస్ డి సౌజా మెండెస్ 1940 జూన్‌లో పైనుంచి వచ్చిన ఆర్డర్లు పక్కన పెట్టి వేలమందికి వీసాలు రాసిచ్చి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మార్సెయ్‌లో అమెరికన్ జర్నలిస్ట్ వేరియన్ ఫ్రై దొంగ కాగితాలతో సహా చేతికందిన దారులన్నీ వాడి రచయితలనీ కళాకారులనీ దాటించాడు.

సినిమా మొదటి నిమిషాల్లోనే ఇది కనిపిస్తుంది. వీధిలో పోలీసులు ఒకతన్ని ఆపి కాగితాలడుగుతారు, చూపిస్తాడు, అవి మూడు వారాల కిందటే చెల్లిపోయాయి. పరిగెత్తుతాడు, కాలుస్తారు, గోడ మీద పెద్ద పెతాన్ పోస్టర్ కింద పడిపోతాడు, చేతిలో స్వేచ్ఛా ఫ్రాన్స్, అంటే జర్మన్లకి లొంగకుండా పోరాడుతున్న ఫ్రెంచ్ వాళ్ళ కరపత్రం నలిగి ఉంటుంది. ఇంత చేసి, కథ మొత్తం తిరిగే ఆ ప్రయాణ పత్రాలు మాత్రం పూర్తిగా కల్పితం, ఎవరూ అడ్డు చెప్పడానికి వీల్లేని అలాంటి పత్రం అసలు లేనే లేదు. నాటకం రాసిన వాళ్ళు పుట్టించారు, సినిమా వాడేసుకుంది, చూసేవాళ్ళెవరూ పట్టించుకోలేదు. యూనిఫాం వేసుకున్న జర్మన్ సైనికులు కాసాబ్లాంకా వీధుల్లో అలా పెత్తనం చేస్తూ తిరగడం కూడా కథ కోసం కలిపిందే, అక్కడ ఉన్నది ఒప్పందం అమలు చూసే జర్మన్ కమిషన్ మాత్రమే.

నాటకంలోనే ఆమె వెళ్ళిపోయింది

మర్రే బర్నెట్ అనే న్యూయార్క్ టీచర్ 1938లో, జర్మనీ ఆస్ట్రియాని కలిపేసుకున్న కొత్తలో, వియన్నా వెళ్ళి అక్కడి యూదుల పరిస్థితి కళ్ళారా చూశాడు. తిరుగు ప్రయాణంలో దక్షిణ ఫ్రాన్స్‌లో ఒక నైట్ క్లబ్‌లో నల్లజాతి పియానిస్టు పాడుతుంటే, నానా దేశాల మనుషులు కూర్చుని వింటుంటే, ఇది నాటకానికి భలే సెట్టింగ్ అనుకున్నాడు. జోన్ ఆలిసన్‌తో కలిసి 1940లో రాశాడు. బ్రాడ్వేలో ఎవరూ వెయ్యలేదు. అది వార్నర్ బ్రదర్స్ స్టోరీ డిపార్ట్‌మెంట్ బల్ల మీదకి వచ్చింది 1941 డిసెంబర్ 8న, అంటే పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగిన మర్నాడు. రెండు రోజుల ముందొచ్చినా కథ వేరేగా ఉండేదేమో. స్టూడియో 20,000 డాలర్లకి కొనేసింది, ఆడని నాటకానికి అప్పట్లో అది చాలా పెద్ద మొత్తం. నిర్మాత హాల్ వాలిస్ పేరు మార్చి ఊరి పేరు పెట్టాడు.

ఇక్కడ గమనించాల్సింది నాటకం ముగింపు. అందులోనూ రిక్ ఆమెని లాజ్లోతోనే పంపించేస్తాడు, తర్వాత జర్మన్లకి లొంగిపోతాడు. అంటే ఎవరితో వెళ్తుంది అన్నదానికి జవాబు మొదటి రోజు నుంచీ బల్ల మీదే ఉంది. అయితే నాటకంలో హీరోయిన్ పేరు లోయిస్, ఆమె అమెరికన్, రిక్ పెళ్ళాం పిల్లలున్న లాయర్, వీళ్ళిద్దరిదీ పారిస్‌లో నడిచిన ఎఫైర్. అలాంటి జంట విడిపోతే పోతే పోయార్లే అనిపిస్తుంది. సినిమాలో వీళ్ళని కడిగి, ఇస్త్రీ చేసి, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ముఖం పెట్టేసరికి విడిపోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ముగింపు అదే, జనం మనసులో లెక్క మారింది.

బ్రీన్ ఆఫీసు లెక్కలు

అప్పటి హాలీవుడ్‌కి ప్రొడక్షన్ కోడ్ అని ఒక నిబంధనల పుస్తకం ఉండేది, 1934 నుంచి దాన్ని జోసెఫ్ బ్రీన్ ఆఫీసు గట్టిగా అమలు చేసింది. ఇది మన సెన్సార్ బోర్డు లాగా తీసిన తర్వాత కత్తెరేసే టైపు కాదు, స్క్రిప్ట్ దశలోనే పేజీలు తెప్పించుకుని ఇది తీయండి ఇది తీయొద్దు అని ఉత్తరాలు రాసేది. కోడ్‌లో పెళ్ళి పవిత్రం. పెళ్ళైన ఆడమనిషి భర్త బతికుండగా, అందులోనూ అంత మంచి భర్త, ప్రియుడితో వెళ్ళిపోయి సుఖపడినట్టు చూపిస్తే సర్టిఫికెట్ రాదు, సర్టిఫికెట్ లేకపోతే పెద్ద థియేటర్లలో బొమ్మ పడదు. కాబట్టి ఇల్సా రిక్‌తో ఉండిపోయే క్లైమాక్స్ 1942లో తీయడమే కుదరని పని. లాజ్లోని చంపేస్తే కుదిరేది, కానీ నాజీల మీద పోరాడే నాయకుణ్ణి యుద్ధం నడుస్తుండగా తెర మీద చంపి హీరోకి పెళ్ళి చేస్తే ఎవరు చప్పట్లు కొడతారు?

పారిస్ ఎఫైర్ కూడా ఇబ్బందే అయింది, అప్పటికి ఆమెకి పెళ్ళైపోయింది కాబట్టి. దానికి విరుగుడు, భర్త క్యాంపులో చనిపోయాడనే వార్త నమ్మి ఉండటం. అతను బతికే ఉన్నాడని తెలిసిన రోజే ఆమె స్టేషన్‌కి రాలేదు. ఈ ఒక్క మార్పుతో రెండు పనులు అయిపోయాయి. సెన్సార్ శాంతించింది, రిక్‌కేమో ఏడాదిన్నరగా మోస్తున్న పగ తప్పని తెలిసే పెద్ద సీన్ దొరికింది. నిబంధన వల్ల కథ బాగుపడిన సందర్భాలు అరుదు గానీ ఇది మాత్రం అలాంటిదే.

ఇంకా సూక్ష్మమైనది రాత్రి సీన్. ఇల్సా రిక్ గదికి వచ్చి కాగితాల కోసం తుపాకీ గురిపెడుతుంది, కాల్చలేదు, ఏడుస్తుంది, ముద్దు. తర్వాత తెర మీద ఎయిర్‌పోర్ట్ టవర్, దాని మీద తిరిగే లైటు, కొన్ని సెకన్లు అంతే. మళ్ళీ గది, రిక్ కిటికీ దగ్గర సిగరెట్ కాలుస్తూ ఉంటాడు, ఆమె జరిగిన కథ చెప్తూ ఉంటుంది. మధ్యలో ఏం జరిగింది? బ్రీన్ ఆఫీసు పట్టుబట్టింది కూడా సరిగ్గా దీని మీదే, తెర పూర్తిగా నల్లబడే ఫేడ్ వద్దు, ఒక దృశ్యంలోకి ఇంకోటి కరిగే డిజాల్వ్ పెట్టండి, తర్వాతి షాట్‌లో మంచం గానీ సోఫా గానీ కనిపించకూడదు అని. ఎందుకంటే ఆనాటి ప్రేక్షకుడికి ఫేడ్ అంటే చాలా టైమ్ గడిచిందని గుర్తు, డిజాల్వ్ అంటే కాసేపే. స్టూడియో చెప్పినట్టే చేసింది. అయినా ఆ లైటు, ఆ సిగరెట్ చూసి అర్థం చేసుకునేవాళ్ళు చేసుకున్నారు, చేసుకోని వాళ్ళకి ఏమీ జరగలేదు. ఒకే సీన్ ఇద్దరికి రెండు రకాలుగా అమ్మారు.

రెనో విషయంలోనూ అంతే. నాటకంలో ఈ పోలీసు వీసాల కోసం వచ్చే ఆడవాళ్ళతో చేసే బేరం పచ్చిగా ఉంటుంది, సినిమాలో మాటల మధ్య దాచారు. బల్గేరియా నుంచి వచ్చిన కొత్త పెళ్ళికూతురు రిక్ దగ్గరికొచ్చి అడిగేదంతా చుట్టూ తిప్పి అడగడమే, అసలు మాట ఒక్కసారి కూడా నోటి నుంచి రాదు. రిక్ ఆమెకి జవాబివ్వకుండా లేచి వెళ్ళి, ఆమె మొగుడి చెవిలో 22 మీద పెట్టమంటాడు, రులెట్ చక్రం రెండుసార్లు 22 మీదే ఆగుతుంది. ఎవడి గొడవా నాకొద్దనే మనిషి ఎటు జారుతున్నాడో అక్కడ తెలిసిపోతుంది.

ఆఖరి రోజు దాకా తెలీదు అన్న మాటలో ఎంత నిజం

షూటింగ్ 1942 మే 25న మొదలై ఆగస్టు 3న ముగిసింది, దాదాపు మొత్తం కాలిఫోర్నియాలో వార్నర్ బర్‌బ్యాంక్ స్టూడియోలోనే, మొరాకోలో ఒక్క సీన్ కూడా తియ్యలేదు. స్క్రిప్ట్ పూర్తవకుండానే మొదలెట్టిన మాట నిజం. కవల సోదరులు జూలియస్, ఫిలిప్ ఎప్‌స్టీన్‌లు మాటల్లో చమత్కారం, హవర్డ్ కోచ్ రాజకీయం, పేరు వెయ్యని కేసీ రాబిన్సన్ ప్రేమ సన్నివేశాలు, ఇలా పనులు పంచుకుని పేజీలు ఏ రోజుకారోజు సెట్‌కి పంపేవాళ్ళు. బెర్గ్‌మన్ తర్వాత రోజుల్లో చెప్పింది కూడా ఇదే, ఇద్దరిలో ఎవర్ని ఎక్కువ ప్రేమించినట్టు చెయ్యాలి అని అడిగితే తెలీదు, మధ్యస్థంగా చెయ్యమన్నారు అని. ఆమె ముఖంలో కనిపించే ఆ తటపటాయింపుకి ఇదే కారణం అని చాలామంది రాస్తారు.

కానీ ఎయిర్‌పోర్ట్ సీన్ తీసింది జూలై మధ్యలో. అది అయ్యాక ఇంకా రెండు వారాల పైన షూటింగ్ ఉంది. అంటే ఆమె చేసిన సన్నివేశాల్లో కొన్నిటికైనా చివరేంటో తెలిసే ఉండాలి. పైగా కోడ్ సంగతి సెట్‌లో అందరికీ తెలిసిందే. తేలనిది వేరే. ప్రేమించిన మనిషి ఎవరి మాట వింటుంది, ఎందుకు వింటుంది, రిక్ ఆమెని మోసం చేసి పంపుతాడా ఒప్పించి పంపుతాడా. పైగా హీరో జర్మన్ మేజర్‌ని చంపాక జైలుకి పోకుండా ఎలా బయటపడతాడు అన్న చిక్కు. ఇది ఎప్‌స్టీన్ సోదరులకి కారులో పోతుంటే తట్టిందని జూలియస్ చెప్పేవాడు. స్ట్రాసర్ శవం అక్కడే ఉంది, పోలీసులు దిగుతారు, రెనో ఒక్క క్షణం రిక్ వంక చూసి, ఎప్పుడూ పట్టుకొచ్చే అనుమానితులనే పట్టుకురండి అని ఆర్డర్ వేస్తాడు. అదే మాట సినిమా మొదట్లో కూడా వాడారు కాబట్టి వినగానే జనానికి అందుతుంది. రిక్, రెనోల స్నేహం మీద వచ్చే ఆఖరి డైలాగ్ షూటింగ్ మొత్తం అయిపోయాక వాలిస్ తయారుచేసింది, రిక్‌గా వేసిన హంఫ్రీ బోగార్ట్‌ని మళ్ళీ పిలిపించి గొంతు మాత్రం రికార్డ్ చేశారు. తెర మీద ఆ టైమ్‌కి ఇద్దరి వీపులే కనిపిస్తాయి, పెదాలతో పని లేదు.

రిక్ వేషం ముందు రొనాల్డ్ రీగన్‌కి ఇచ్చారనేది కూడా ఇలాంటి పుకారే, స్టూడియో పబ్లిసిటీ వాళ్ళు నటుల పేర్లు వార్తల్లో ఉండాలని వదిలిన ప్రకటన తప్ప ఇంకేం లేదు.

రిక్ అంటే అమెరికా

రిక్‌ని మొదట చూపించేది ముఖం కాదు, చెయ్యి. వెయ్యి ఫ్రాంకుల చీటీ మీద ఓకే రిక్ అని సంతకం పెడుతుంది. చీటీ మీద తారీఖు 1941 డిసెంబర్ 2. తర్వాత కెమెరా పక్కకి జరిగితే ముందు చదరంగం బల్ల, అవతల ఎవరూ లేరు, ఒక్కడే ఆడుకుంటున్నాడు. తారీఖు ఊరికే పెట్టింది కాదు, పెర్ల్ హార్బర్‌కి ఐదు రోజుల ముందు అది. ఆ రాత్రి తాగేసి, ఇక్కడ డిసెంబర్ 1941 అయితే న్యూయార్క్‌లో టైమ్ ఎంత అని పియానిస్టు శామ్‌ని అడిగి, అమెరికా అంతా నిద్రపోతుంటుంది అని తనే గొణుక్కుంటాడు. పక్క కేఫ్ ఓనర్ ఫెరారీ అయితే ఈ రోజుల్లో ఎవరికీ అంటకుండా ఉండే పాలసీ నడవదు అని మొహం మీదే చెప్తాడు, అది అప్పటి అమెరికా రాజకీయాల్లో రోజూ నలిగిన మాట.

దీన్నిబట్టి చూస్తే క్లైమాక్స్ లాజిక్ వేరేగా కనిపిస్తుంది. 1935లో ఇథియోపియాకి ఆయుధాలు చేరవేసి, స్పెయిన్‌లో ఫాసిస్టుల మీద పోరాడి, తర్వాత మనసు విరిగి చేతులు కట్టుకు కూర్చున్న మనిషి రిక్. అతను మళ్ళీ లేవాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి, వదులుకునేది చిన్నదైతే లేచినట్టు లెక్క కాదు. ఇల్సా ఉండిపోతే అతను సుఖంగా ఉన్న తటస్థుడే. ఆమె వెళ్ళిపోతేనే యుద్ధంలోకి దిగిన మనిషి. ప్రేమకథ ఇక్కడ ఇంజను, బండి వెళ్ళేది మాత్రం యుద్ధానికే. 1942 జూన్‌లో ఏర్పడిన అమెరికా ప్రభుత్వ యుద్ధ ప్రచార శాఖ, ఆఫీస్ ఆఫ్ వార్ ఇన్ఫర్మేషన్, స్టూడియోలని అడిగిన మొదటి ప్రశ్న, ఈ సినిమా యుద్ధం గెలవడానికి పనికొస్తుందా అని. అంత బాహాటంగా అడిగిన కాలంలో వచ్చి కూడా ఈ సినిమా లెక్చర్ లాగా అనిపించకపోవడానికి కారణం, నీతి చెప్పాల్సిన మనిషి నోటికి సినిమా నిండా వెటకారమే ఇవ్వడం.

పాటల పోటీ, నిజమైన కన్నీళ్ళు

కేఫ్‌లో ఒక మూల పియానో దగ్గర చేరి జర్మన్ ఆఫీసర్లు డీ వాహ్ట్ ఆమ్ రైన్ పాడుతుంటారు. నిజానికి నాజీ పార్టీ పాటే పెట్టాలనుకున్నారు, కానీ దాని కాపీరైట్ జర్మన్ పబ్లిషర్ దగ్గరుంది, తటస్థ దేశాల్లో రిలీజ్ చేస్తే కేసులవుతాయని పాతకాలపు దేశభక్తి గీతంతో సర్దుకున్నారు. యుద్ధం నడుస్తున్నా శత్రువు కాపీరైట్‌కి భయపడటం అంటే సినిమా వ్యాపారం అంటే ఏంటో తెలుస్తుంది. లాజ్లో మెట్లు దిగి విసవిసా బ్యాండ్ దగ్గరికెళ్ళి ఫ్రాన్స్ జాతీయ గీతం మార్సెయేజ్ వాయించండి అంటాడు. వాళ్ళు ఓనర్ వైపు చూస్తారు. రిక్ తల చిన్నగా ఊపుతాడు, అంతే. జనం మొత్తం లేస్తారు, జర్మన్ల గొంతులు మునిగిపోతాయి. సాయంత్రం జర్మన్ సైనికుడి చెయ్యి పట్టుకుని కేఫ్‌కి వచ్చిన ఇవాన్ అనే అమ్మాయి చెంపల మీద నీళ్ళు కారుతుండగా పాడుతుంది.

ఆ అమ్మాయి మాడెలిన్ లెబో. 1940 జూన్‌లో భర్త మార్సెల్ డాలియోతో కలిసి పారిస్ వదిలి లిస్బన్ చేరింది, అక్కడినుంచి ఓడ ఎక్కారు, చేతిలో ఉన్న చిలీ వీసాలు దొంగవని తేలి మెక్సికో దగ్గర ఇరుక్కుపోయారు, చివరికి కెనడా ఇచ్చిన తాత్కాలిక పాస్‌పోర్టులతో బయటపడ్డారు. డాలియో యూదుడు, ఫ్రాన్స్‌లో పెద్ద నటుడు, ఇందులో జూదం గదిలో చక్రం తిప్పే ఎమిల్. పాటల గొడవ తర్వాత స్ట్రాసర్ కేఫ్ మూయించమంటే, ఇక్కడ జూదం జరుగుతోందా అని రెనో తెగ ఆశ్చర్యపోతున్నప్పుడు, సార్ మీరు గెలిచిన డబ్బులు అని తెచ్చి చేతిలో పెట్టేది అతనే.

పేరు వేసిన నటుల్లో అమెరికాలో పుట్టినవాళ్ళు ముగ్గురే, బోగార్ట్, శామ్‌గా వేసిన డూలీ విల్సన్, బల్గేరియా అమ్మాయిగా వేసిన జాయ్ పేజ్. వెయిటర్ కార్ల్‌గా వేసిన హంగేరియన్ ఎస్. జడ్. సకాల్ అక్కచెల్లెళ్ళు ముగ్గురు క్యాంపుల్లో పోయారు. స్ట్రాసర్‌గా వేసిన కాన్రాడ్ వైట్ జర్మన్, భార్య యూదు కావడంతో 1933లోనే దేశం వదిలేశాడు, హాలీవుడ్‌లో అతనికి దొరికింది మాత్రం నాజీ వేషం. డైరెక్టర్ మైకేల్ కర్టిజ్ బుడాపెస్ట్‌లో పుట్టినవాడే. ఎక్స్‌ట్రాల్లో కూడా యూరప్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు చాలామంది, ఆ పాట తీసేటప్పుడు వాళ్ళకి గ్లిజరిన్ అవసరం పడలేదు.

డూలీ విల్సన్ సంగతికొస్తే, ఆయన డ్రమ్మర్, పియానో వాయించడం రాదు, తెర వెనక ఇంకొకరు వాయిస్తుంటే చేతులు ఆడించాడు. శామ్ పాడే యాజ్ టైమ్ గోస్ బై పాట కూడా సినిమా కోసం చేసింది కాదు, హెర్మన్ హప్‌ఫెల్డ్ 1931లో ఒక బ్రాడ్వే షో కోసం రాసింది. సంగీత దర్శకుడు మాక్స్ స్టైనర్‌కి నచ్చక తీసేసి కొత్తది పెడతానన్నాడు, అప్పటికే బెర్గ్‌మన్ వేరే సినిమా కోసం జుట్టు పొట్టిగా కత్తిరించేసుకుంది, రీషూట్ కుదరలేదు, ఆ పాట బతికిపోయింది.

పొగమంచు వెనక అట్ట విమానం

క్లైమాక్స్ ఎయిర్‌పోర్ట్ స్టేజి మీద వేసిన సెట్. యుద్ధం వల్ల కొత్త సెట్ల సామానుకి సినిమాకి 5,000 డాలర్లు మించకూడదని ప్రభుత్వం 1942లో పరిమితి పెట్టింది, స్టూడియోలు పాత సెట్లకే రంగులేసి వాడుకున్నాయి. వెనక కనిపించే విమానం నిజంది కాదు, చిన్న సైజులో చేసిన అట్ట బొమ్మ. దూరంగా ఉన్నట్టు నమ్మించడానికి దాని చుట్టూ మెకానిక్‌లుగా పొట్టి మనుషులని నిలబెట్టారు, బండారం బయటపడకుండా పొగమంచు దట్టించారు. ఆ పొగమంచే ఇప్పుడు పోస్టర్ల మీద రొమాన్స్‌కి గుర్తు.

ఇదే సీన్‌లో జనం పెద్దగా పట్టించుకోని ఇంకో షాట్ ఉంది. రెనో సీసాలోంచి నీళ్ళు పోసుకోబోతూ లేబుల్ చూస్తాడు, విషీ వాటర్. సీసాని చెత్తబుట్టలో పడేసి బుట్టని ఒక్క తన్ను తంతాడు. సినిమా తీస్తున్న టైమ్‌కి అమెరికా ప్రభుత్వం విషీని అధికారికంగా గుర్తిస్తూనే ఉంది. హాలీవుడ్ తన్నిన ఆ తన్ను వాషింగ్టన్ ఇంకా తన్నలేదు.

రిలీజ్ టైమింగ్, వేస్ట్ కాబోయిన ఇంకో క్లైమాక్స్

1942 నవంబర్ 8న మిత్ర దేశాల సైన్యాలు ఉత్తర ఆఫ్రికాలో దిగాయి, కాసాబ్లాంకా దగ్గర విషీ ఫ్రెంచ్ దళాలు అమెరికన్ల మీద కాల్పులు జరిపి మూడు రోజుల్లో ఆగిపోయాయి. ఊరి పేరు ప్రతి పేపర్‌లో మొదటి పేజీ. వచ్చే ఏడాదికి అనుకున్న సినిమాని వార్నర్ వాళ్ళు ముందుకి లాగి నవంబర్ 26న న్యూయార్క్‌లో ప్రీమియర్ వేసేశారు. దేశమంతా రిలీజ్ 1943 జనవరి 23న, అప్పటికి రూజ్‌వెల్ట్, చర్చిల్ కూర్చుని మాట్లాడుకుంటున్నది అదే కాసాబ్లాంకాలో. కోట్లు పోసినా దొరకని పబ్లిసిటీ.

ఈ హడావుడిలో ఒక ప్రమాదం కొద్దిలో తప్పింది. రిక్, రెనో ఇద్దరూ స్వేచ్ఛా ఫ్రాన్స్ సైనికులతో ఓడెక్కి దాడికి బయల్దేరినట్టు ఒక సీన్ అతికిద్దామని స్టూడియో ప్లాన్ వేసింది. రెనోగా చేసిన క్లాడ్ రెయిన్స్ వెంటనే దొరకలేదు, ఈలోపు బెర్గ్‌మన్‌ని అప్పిచ్చిన నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ సినిమా చూసి క్లైమాక్స్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాడు. ఆగిపోయింది. 1944 మార్చి 2న ఆస్కార్ వేడుకలో ఉత్తమ చిత్రం, దర్శకుడు, స్క్రీన్‌ప్లే మూడూ వచ్చాయి. ఉత్తమ చిత్రం అనగానే నిర్మాత వాలిస్ లేచేలోపే స్టూడియో యజమాని జాక్ వార్నర్ వేదిక మీదకి ఉరికి బొమ్మ పట్టుకున్నాడు, కొన్నాళ్ళకి వాలిస్ ఆ స్టూడియోకే దండం పెట్టేశాడు.

ఇంత యుద్ధ సినిమా అయ్యుండి కూడా ఉత్తర ఆఫ్రికాలో ఉన్న సైనికులకి చూపించలేదు. అక్కడ విషీ మనుషులతో అమెరికా అప్పటికే చేతులు కలిపింది, వాళ్ళని తిట్టే సినిమా వేస్తే ఇబ్బంది అని ఆఫీస్ ఆఫ్ వార్ ఇన్ఫర్మేషన్ వద్దంది. ఐర్లాండ్ అయితే తన తటస్థతకి భంగం అని 1943లో బ్యాన్ చేసింది.

యుద్ధం తీసేస్తే ఏం మిగులుతుంది

క్లైమాక్స్‌ని నిలబెట్టింది ప్రేమా యుద్ధమా అనేదానికి అనుకోకుండా ఒక పరీక్ష జరిగింది. 1952లో పశ్చిమ జర్మనీలో రిలీజ్ చేసినప్పుడు, అక్కడి ప్రేక్షకులు నాజీలని చూసి నొచ్చుకుంటారని దాదాపు 25 నిమిషాలు కోసేశారు. స్ట్రాసర్ అనే మనిషే లేడు, పాటల పోటీ లేదు. డబ్బింగ్‌లో లాజ్లో కాస్తా విక్టర్ లార్సెన్ అనే నార్వే అణు శాస్త్రవేత్త అయిపోయాడు, ఏవో డెల్టా కిరణాలు కనిపెట్టాడట, వాటి గొడవలో పారిపోతున్నాడట. ప్రేమ మాత్రం అలాగే ఉంది, పారిస్, పియానో, కన్నీళ్ళు, ఆఖర్న పొగమంచు, అన్నీ.

కానీ ఒక సైంటిస్టు కిరణాల కోసం ఇల్సాని ఎందుకు వదులుకోవాలి? ఆ ప్రశ్నకి ఆ వెర్షన్‌లో జవాబు లేదు. రిక్ తలదించుకుని, మనలాంటి ముగ్గురి బాధలు ఈ లోకంలో ఒక లెక్క కాదు అని చెప్పే మాటకి, అటువైపు లెక్కలో ఉన్న ఆ లోకాన్నే కత్తిరించేశారు. జర్మన్ ప్రేక్షకులు స్ట్రాసర్‌తో సహా పూర్తి సినిమాని కొత్త డబ్బింగ్‌తో చూసింది 1975లో.